హార్డ్‌వేర్ వాలెట్ కొన్నారా? ముందు పెన్ను, కాగితం తీయండి

"ఆ డివైస్ పోతే నా బిట్‌కాయిన్లు కూడా పోయినట్టేనా?" బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో తాళంచెవిని ఇంటర్నెట్‌కి దూరంగా దాచే చిన్న డివైసే హార్డ్‌వేర్ వాలెట్, దాని మాట ఎత్తగానే ఎవరైనా ముందు అడిగేది ఇదే. పోవు. కాయిన్లు అందులో అసలు ఉండవు కాబట్టి. అవి బ్లాక్‌చెయిన్ మీదే ఉంటాయి, ఫలానా అడ్రస్‌లో ఇంత ఉంది అనే లెక్కగా, ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో. ఆ లెక్కని కదిలించడానికి కావలసిన ప్రైవేట్ కీ మాత్రమే డివైస్‌లో ఉంటుంది. ఆ కీ కూడా, మొదటిసారి సెటప్ చేసేటప్పుడు అది మీకు చూపించే, సాధారణంగా 12 లేదా 24 ఇంగ్లిష్ పదాల నుంచే పుడుతుంది. కాబట్టి డివైస్ విరిగినా, బస్సులో మర్చిపోయినా, ఆ పదాలు మీ దగ్గరుంటే ఇంకో డివైస్ కొని అవే పదాలు ఎక్కించుకుంటే అంతా తిరిగి కనపడుతుంది. డివైస్ మీ బీరువాలో భద్రంగా ఉండి పదాలు మాత్రం ఎవరి కంట్లోనైనా పడ్డాయంటే, వాళ్లకి మీ డివైస్‌తో పనిలేదు, మీ పిన్‌తో పనిలేదు, మీరు నిద్రలేచేసరికి అడ్రస్ ఖాళీ.

ఈ ఒక్క విషయం ఒంటబడితే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. యూట్యూబ్‌లో డబ్బా విప్పి చూపించే వీడియోలు బోలెడున్నాయి, ఏ మోడల్ రంగు బాగుందో చెప్పేవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం అసలు పని రెండు చోట్లే ఉందనిపిస్తుంది: పదాలు రాసుకునే కాగితం దగ్గర, ఆ డివైస్ మీదుండే చిన్న స్క్రీన్‌ని మీరు నిజంగా చదువుతున్నారా లేదా అన్న దగ్గర. ఈ రెండూ కంపెనీ మీకు చేసిపెట్టగలిగేవి కావు.

ముందు, ఇది ఎవరికి కావాలి? పదివేలో పాతికవేలో పెట్టి సరదాగా చూస్తున్నవాళ్లకి అక్కర్లేదు, డివైస్ ఖర్చే అందులో పెద్ద భాగం అయిపోతుంది. పోతే ఇంట్లో గొడవ అయ్యేంత డబ్బు ఉంటే, ఏళ్ల తరబడి కదిలించకుండా దాచుకోవాలనుకుంటే, అప్పుడు కావాలి. 2024 జులై 18న మన దేశపు క్రిప్టో ఎక్స్ఛేంజ్ (క్రిప్టో కొని అమ్మే యాప్) వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా, మన లెక్కలో దాదాపు 2,000 కోట్ల రూపాయలు పోయాయి. ఆ రోజు విత్‌డ్రాలు ఆపేశారు. తర్వాత వ్యవహారం సింగపూర్ హైకోర్టుకి వెళ్లి, ప్లాట్‌ఫామ్ మళ్లీ తెరుచుకునేసరికి 2025 అక్టోబర్ వచ్చింది. ఏడాదికి పైగా జనం యాప్‌లో తమ క్రిప్టో బ్యాలెన్స్ చూసుకుంటూ కూర్చోవడం తప్ప దాన్ని బయటికి తీసుకోలేకపోయారు. ఎక్స్ఛేంజ్‌లో ఉన్నది మీ పేరు మీద వాళ్లు రాసుకున్న పద్దు మాత్రమే అన్న సంగతి అంత గట్టిగా మన దేశంలో అంతకుముందు ఎప్పుడూ తెలిసిరాలేదు.

కొనడం గురించి. కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచి, లేదా ఆ వెబ్‌సైట్‌లో పేరున్న అధీకృత డీలర్ నుంచి, అంతే. సెకండ్ హ్యాండ్ ఎంత చవకైనా వద్దు. ఆన్‌లైన్ మార్కెట్లలో ఊరూపేరూ లేని సెల్లర్ దగ్గర వెయ్యి రూపాయలు తక్కువకి వస్తోందని ఆశపడొద్దు. 2023లో కాస్పర్‌స్కీ అనే సైబర్ సెక్యూరిటీ సంస్థ వాళ్లు, ట్రెజర్ అనే కంపెనీ హార్డ్‌వేర్ వాలెట్‌కి నకిలీ ఒకదాన్ని విప్పి చూశారు. పైకి అచ్చం అసలుదే, పనిచేయడమూ మామూలుగానే పనిచేసింది, కానీ లోపల చిప్ మార్చేసి ఉంది. కొత్తగా పదాలు తయారు చేస్తున్నట్టు నటించి, దొంగ ముందే సిద్ధం చేసి పెట్టుకున్న 20 సెట్లలో ఒకటి చూపిస్తుంది. కొన్నవాడు శ్రద్ధగా రాసుకుంటాడు, స్టీల్ ప్లేట్ మీద కూడా చెక్కించుకుంటాడు, ఆ పదాలు దొంగ దగ్గర ఎప్పట్నుంచో ఉన్నాయి. ఇంకా మొరటు మోసం ఒకటుంది. డబ్బాలోనే ఒక కార్డు పెట్టి, గీకితే 24 పదాలు వచ్చేలా చేసి, "ఇవే మీ రికవరీ పదాలు" అని రాసి అమ్ముతారు. ఒకటి గుర్తుపెట్టుకోండి, పదాలు డివైస్ స్క్రీన్ మీద, మీ కళ్లముందు, అప్పుడే పుట్టాలి. ముందే ముద్రించి వచ్చాయంటే ఆ డివైస్ వాడొద్దు. అలాగే ముందే పిన్ సెట్ చేసి వచ్చినా వాడొద్దు.

అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే వాళ్ల చేత తెప్పించుకోవడం మన దగ్గర బాగా అలవాటు, అందులో తప్పు లేదు, కాకపోతే వాళ్లు కూడా కంపెనీ సైట్ నుంచే కొనాలి, డబ్బా విప్పకుండా తేవాలి. డివైస్ రాగానే కంపెనీ యాప్‌తో అది అసలుదో కాదో పరీక్ష చేయించాలి. లెడ్జర్ అనే ఇంకో కంపెనీ డివైస్ అయితే లోపలి సెక్యూర్ చిప్ తాను అసలుదేనని కంపెనీ సర్వర్‌కి రుజువు చూపిస్తుంది. ట్రెజర్ లోపల ఫర్మ్‌వేర్, అంటే డివైస్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, ఏదీ లేకుండానే వస్తుంది, మీరు మొదటిసారి కనెక్ట్ చేసినప్పుడే ఎక్కుతుంది, కాబట్టి కొత్త డబ్బాలో ముందే ఫర్మ్‌వేర్ కనిపిస్తే అనుమానించాల్సిందే.

యాప్ కూడా అంతే జాగ్రత్తగా. గూగుల్‌లో వెతికి పైన వచ్చిన ప్రకటన నొక్కొద్దు, కంపెనీ వెబ్‌సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి వెళ్లండి. 2023 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే లెడ్జర్ పేరుతో నకిలీ యాప్ ఒకటి దూరి ఏడున్నర లక్షల డాలర్లకు పైగా కాజేసింది. స్టోర్‌లో ఉంది కదా అన్న నమ్మకం చాలదు.

ఆర్డర్ పెట్టేటప్పుడు ఇంకో సంగతి. 2020లో లెడ్జర్ కస్టమర్ల డేటా బయటికి పోయింది. దాదాపు 10 లక్షల ఈమెయిళ్లు, 2,72,000 మంది పేర్లు, ఇంటి అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు. వాటితో ఇళ్లకి ఉత్తరాలు వచ్చాయి, కొందరికైతే "మీ పాతది సురక్షితం కాదు, ఇది వాడండి" అంటూ నకిలీ డివైస్‌లే పోస్టులో వచ్చాయి. కాబట్టి దీనికోసం వేరే ఈమెయిల్ పెట్టుకోండి, వీలైతే ఇంటికి కాకుండా ఆఫీసుకి తెప్పించుకోండి.

ఇప్పుడు సెటప్. మా తమ్ముడికి ఈమధ్య దగ్గరుండి చేయించాను. లెడ్జర్ నానో ఎస్ ప్లస్, పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది, పైన రెండే బటన్లు. ఎడమది వెనక్కి, కుడిది ముందుకి, రెండూ కలిపి నొక్కితే ఓకే. పిన్ పెట్టమంటుంది, 4 నుంచి 8 అంకెలు. ఎనిమిదీ వాడమన్నాను, పుట్టినరోజు, బండి నంబర్, ఏటీఎం పిన్ వద్దన్నాను. పిన్ అనేది డివైస్ చేతిలో పట్టుకున్నవాడిని ఆపడానికి మాత్రమే. వరుసగా మూడుసార్లు తప్పు కొడితే లెడ్జర్ తనని తాను చెరిపేసుకుంటుంది. ట్రెజర్ అంతకంటే ఎక్కువసార్లు ఓపిక పడుతుంది, కాకపోతే ప్రతి తప్పుకీ ఎదురుచూపు పెంచుకుంటూ పోతుంది.

తర్వాత పదాలు మొదలయ్యాయి. ఒక్కో పదం, ముందు దాని నంబర్‌తో. మూడోదో నాలుగోదో వచ్చేసరికి వాడు ఫోన్ తీశాడు.

"అక్కా, ముందు ఫొటో తీసుకుంటా, తర్వాత తీరిగ్గా రాసుకుని డిలీట్ చేసేస్తా."

"ఫోన్ ఆ గదిలో పెట్టి రా. లాప్‌టాప్ కూడా మూసెయ్, దాని కెమెరా ఇటే చూస్తోంది."

"మరీ ఇంత టెన్షన్ ఎందుకక్కా, ఒక్క నిమిషం ఉంటుంది అంతే కదా."

ఆ ఒక్క నిమిషంలోనే ఫొటో గూగుల్ అకౌంట్‌లోకి బ్యాకప్ అయిపోతుంది, డిలీట్ చేసినా ట్రాష్‌లో ఉంటుంది. అదొక్కటే కాదు. 2025 ఫిబ్రవరిలో స్పార్క్‌క్యాట్ అనే మాల్‌వేర్ బయటపడింది, గూగుల్ ప్లేలోనూ ఆపిల్ యాప్ స్టోర్‌లోనూ మామూలు యాప్‌లలో కలిసిపోయి ఉంది. గ్యాలరీ చూడ్డానికి పర్మిషన్ అడిగి, ఫొటోల్లోని అక్షరాలు చదివి, వాలెట్ రికవరీ పదాలు ఉన్న ఫొటోలని ఏరి పంపించడమే దాని పని. సరిగ్గా మా తమ్ముడు తీయబోయిన లాంటి ఫొటోల కోసం రాసిన ప్రోగ్రామ్ అది. ఫొటో, వాట్సాప్‌లో సొంత నంబర్‌కి మెసేజ్, ఈమెయిల్ డ్రాఫ్ట్, నోట్స్ యాప్, ఎక్సెల్ షీట్, పాస్‌వర్డ్ మేనేజర్, ప్రింటర్, జిరాక్స్ షాప్, ఏదీ వద్దు. ఇంటర్నెట్ తెలిసిన ఏ వస్తువూ ఆ పదాలని చూడకూడదు. కీని ఇంటర్నెట్‌కి దూరంగా ఉంచడానికి వేలు పోసి డివైస్ కొని, ఆ కీ పుట్టిన పదాలని ఫోన్‌లో పెట్టుకుంటే ఆ డివైస్ కొనడమే దండగ.

రాసేటప్పుడు ఇంగ్లిష్‌లో, విడివిడిగా, పెద్ద అక్షరాల్లో రాయాలి. ఈ పదాలు ఏవో తోచినవి కావు, 2,048 పదాల స్థిరమైన జాబితా ఒకటుంది, అందులోవే వస్తాయి. ఏ రెండు పదాలకీ మొదటి నాలుగు అక్షరాలు ఒకటి కాకుండా ఏరి పెట్టారు, అందుకని ఆ నాలుగు స్పష్టంగా ఉంటే చాలు. తెలుగు లిపిలో మాత్రం రాసుకోవద్దు. రాసుకుంటే చూసినవాళ్లకి తెలియదులే అనుకునేవాళ్లున్నారు, కానీ స్పెల్లింగ్ పోతుంది. కుడి అనే రైట్, రాయడం అనే రైట్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి, పదేళ్ల తర్వాత కాగితం మీద "రైట్" అని కనిపిస్తే ఏది ఎక్కించాలి? ప్రతి పదానికీ ముందు నంబర్ వేయాలి, ఎందుకంటే వరుస మారితే అది ఇంకో వాలెట్. 24 అయ్యాక డివైస్ మళ్లీ అడిగి సరిచూసుకుంటుంది.

ఇక్కడితో చాలామంది అయిపోయిందనుకుని డబ్బు పంపేస్తారు. నేను ఆపేది ఇక్కడే. డబ్బు ఒక్క పైసా ఎక్కకముందే డివైస్‌ని చెరిపేసి, కాగితం మీది పదాలతో తిరిగి తెచ్చుకుని చూడాలి. తమ్ముడి చేత బిట్‌కాయిన్ అడ్రస్ ఒకటి తెరిపించి, ఒక చీటీ మీద రాయించాను. అడ్రస్ రహస్యం కాదు కాబట్టి పర్లేదు. తర్వాత కావాలనే పిన్ తప్పు కొట్టమన్నాను, మూడుసార్లు. మూడోసారి కొట్టేముందు వాడు నా ముఖం చూశాడు. స్క్రీన్ ఒకసారి ఆరిపోయి కొత్త డివైస్‌లా స్వాగతం చెప్పింది. ఇక రెండు బటన్లతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 24 పదాలు ఎక్కించడం, వేళ్లు నొప్పి పుట్టే పని, కొన్ని అక్షరాలు కొట్టగానే డివైసే పదాలు సూచిస్తుంది కాబట్టి కొంత నయం. పదిహేనో పదం దగ్గర వాడి చేతిరాత వాడికే అర్థం కాలేదు. నాలుగు అక్షరాల్లో రెండోది 'యు'నా 'వి'నా అని కాసేపు ఆగిపోయి, రెండింట్లో ఒకటి పెడితే డివైస్ ఏ పదమూ చూపించలేదు, అలా తేలింది. ఆ లైన్ అక్కడికక్కడే కొట్టేసి మళ్లీ శుభ్రంగా రాయించాను. అదే ఐదేళ్ల తర్వాత, డివైస్ పాడైపోయి, లోపల లక్షలు ఉన్నప్పుడు తెలిసుంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరూ పడుకోరు.

ఎక్కించాక అడ్రస్ తెరిస్తే చీటీ మీదున్నదే రావాలి. వచ్చింది. "డివైస్ పదాలని ఒప్పుకుంది కదా, చాలు" అనుకోవద్దు. చివరి పదంలో తప్పులు పట్టుకునే లెక్క ఒకటి ఇమిడి ఉంటుంది, చాలా పొరపాట్లు అక్కడ దొరికిపోతాయి, కానీ 24 పదాల్లో ఏ రెండో తారుమారైతే 256లో ఒక్కసారి ఆ లెక్క కూడా కుదిరిపోయి వేరే ఖాళీ వాలెట్ తెరుచుకుంటుంది. అడ్రస్ కలిసిందా లేదా అన్నదే అసలు రుజువు.

తర్వాత ఎక్స్ఛేంజ్ నుంచి తెచ్చుకోవడం. అన్ని యాప్‌లూ కాయిన్ బయటికి విత్‌డ్రా చేసుకోనివ్వవు, కొనేముందే ఇది చూసుకోవాలి. ఇచ్చేవాళ్లు కూడా ఆ వాలెట్ మీదేనా అని వివరాలు అడుగుతారు, నిజం చెప్పండి. నెట్‌వర్క్ ఎంపిక దగ్గర నిదానించాలి. డాలర్ విలువకి కట్టిన యూఎస్‌డీటీ లాంటి కాయిన్లు ఇథీరియం బ్లాక్‌చెయిన్ మీదా ఉంటాయి, ట్రాన్ బ్లాక్‌చెయిన్ మీదా ఉంటాయి, ఫీజు తక్కువని ఒకటి నొక్కేసి, అవతల మీ వాలెట్ ఆ నెట్‌వర్క్‌కి సిద్ధంగా లేకపోతే వెతుకులాట మొదలవుతుంది. అడ్రస్ కాపీ చేసి పేస్ట్ చేశాక, అతికింది అదేనా అని డివైస్ స్క్రీన్‌తో పోల్చాలి. కంప్యూటర్ స్క్రీన్‌తో కాదు. క్లిప్‌బోర్డ్‌ని కనిపెట్టుకుని ఉండి, మీరు కాపీ చేసిన అడ్రస్ బదులు దొంగ అడ్రస్ అతికించే వైరస్‌లు ఎప్పట్నుంచో ఉన్నాయి. మేమైతే ఒకరు డివైస్ మీది అక్షరాలు పైకి చదువుతుంటే ఇంకొకరు యాప్‌లో చూసుకుంటూ పోతాం, మొత్తం 42 అక్షరాలు.

మొదటి నాలుగు, చివరి నాలుగు చూస్తే చాలదా అంటారు. 2024 మే నెలలో ఒకాయన అలాగే 1,155 డబ్ల్యూబీటీసీ (ఇథీరియం మీద బిట్‌కాయిన్ విలువకి కట్టిన టోకెన్), దాదాపు 7 కోట్ల డాలర్లు, తప్పు అడ్రస్‌కి పంపేశాడు. ముందు చివర ఒకేలా ఉండే అడ్రస్‌ని దొంగ తయారు చేసి, దాన్నుంచి చిన్న లావాదేవీ ఒకటి పంపి ఆయన హిస్టరీలో కూర్చోబెట్టాడు. ఆయన హిస్టరీ నుంచి కాపీ చేసుకున్నాడు. ఆ కేసులో తర్వాత చాలావరకు తిరిగొచ్చింది, అలా రావడం చాలా అరుదు. మధ్యలో అక్షరాలు కూడా చూడండి, హిస్టరీ నుంచి కాపీ చేయొద్దు, ముందు కొద్ది మొత్తం పంపి అది చేరాకే మిగతాది పంపండి. రెండుసార్లు ఫీజు పడుతుంది, పడనివ్వండి.

ఇక నేను ఎక్కువ చెప్పాలనుకున్న సంగతికి వస్తాను. వజీర్‌ఎక్స్ దగ్గర హార్డ్‌వేర్ వాలెట్లు లేక ఆ డబ్బు పోలేదు. ఉన్నాయి. అది ఆరుగురు సంతకందారుల వాలెట్, ఐదుగురు వజీర్‌ఎక్స్ వైపు, ఒకరు కస్టడీ సంస్థ లిమినల్ వైపు. వజీర్‌ఎక్స్ నుంచి ముగ్గురు లెడ్జర్ డివైస్‌లతో ఒప్పుకోవాలి, పైన లిమినల్ ఒప్పుకోవాలి. అన్నీ జరిగాయి. తమకి స్క్రీన్ మీద కనిపించింది ఒకటి, సంతకం పడింది ఇంకొకదానికి అని వజీర్‌ఎక్స్ చెప్పింది. తప్పు తమ వైపు లేదని లిమినల్ అంది. ఏడు నెలలకి, 2025 ఫిబ్రవరి 21న, బైబిట్ అనే ఎక్స్ఛేంజ్‌లో దాదాపు 150 కోట్ల డాలర్ల ఇథర్ (ఇథీరియం కాయిన్) పోయింది. అక్కడా సంతకాలు హార్డ్‌వేర్ డివైస్‌లతోనే. వాళ్లు వాడే సేఫ్ వాలెట్ వెబ్‌పేజీని తయారుచేసే డెవలపర్ కంప్యూటర్‌లోకి దొంగలు దూరి, బైబిట్ వాళ్లకి మాత్రం మామూలు బదిలీలా కనిపించేలా పేజీని మార్చారు. వెనకాల వెళ్లింది వాలెట్ పెత్తనాన్నే దొంగలకి అప్పగించే ఆదేశం. చేతిలోని చిన్న డివైస్ ఆ ఆదేశాన్ని మనిషికి అర్థమయ్యేలా చూపించలేదు, ఏవో అంకెలు అక్షరాలు చూపించింది, వాళ్లు ఓకే నొక్కారు. ఈ రెండు దొంగతనాలూ ఉత్తర కొరియా వాళ్ల పనేనని అమెరికా ప్రకటించింది.

డివైస్ తన పని తాను చేసింది, కీ బయటికి పోలేదు. సంతకం మాత్రం తెల్లకాగితం మీద పెట్టించారు. దీన్నే బ్లైండ్ సైనింగ్ అంటారు, చాలా డివైస్‌ల సెట్టింగ్స్‌లో దీనికో స్విచ్ ఉంటుంది, దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి. బిట్‌కాయిన్ ఒక్కటే దాచుకునేవాళ్లకి ఈ తలనొప్పి దాదాపు లేదు, ఎవరికి, ఎంత, ఫీజు ఎంత అని స్క్రీన్ మీద వస్తుంది, చదివి ఓకే చేయడమే. ఇథీరియం లాంటి వాటిమీద కొత్త కొత్త సైట్లకి వాలెట్ కనెక్ట్ చేసేవాళ్లకే అసలు ప్రమాదం. ఉచితంగా టోకెన్లు ఇస్తామంటే వెళ్తారు, "అప్రూవ్" నొక్కమంటుంది, నొక్కుతారు. అది మీ వాలెట్‌లోని ఫలానా టోకెన్‌ని ఎంతైనా, ఎప్పుడైనా తీసుకోవడానికి ఆ సైట్‌కి ఇచ్చిన అనుమతి, పరిమితి లేకుండా. డబ్బు ఆ రోజు పోకపోవచ్చు, మీరు మర్చిపోయిన ఆరు నెలలకి పోవచ్చు. అలాంటివి చేసి తీరాలనుకుంటే దానికి వేరే పదాలతో వేరే వాలెట్ పెట్టుకుని, పోయినా పర్లేదనుకున్నంతే అందులో ఉంచండి. దాచుకునే వాలెట్‌ని ఏ సైట్‌కీ కనెక్ట్ చేయొద్దు. స్క్రీన్ మీద వచ్చింది అర్థం కాకపోతే రిజెక్ట్ నొక్కండి. రిజెక్ట్ చేసినందువల్ల ఎవరి డబ్బూ పోలేదు.

కాగితం ఎక్కడ పెట్టాలి? మన ఊళ్లలో కాగితానికి శత్రువులు ఎక్కువ. చెదలు, గోడల చెమ్మ, సిరా వెలిసిపోవడం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి, బీరువాల్లోని పట్టాలు, సర్టిఫికెట్లు ముద్దలైపోయాయి. తమ్ముడు ఉండేది విజయవాడలోనే, అందుకే స్టీల్ ప్లేటు తెప్పించాను. అక్షరాలు సుత్తితో కొట్టి అచ్చు వేసుకునే రకం, పదానికి మొదటి నాలుగు అక్షరాలు చాలు. స్టీల్ గిన్నెల మీద పేర్లు చెక్కే వాళ్ల దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు, మీ చేతులతోనే కొట్టుకోవాలి. రెండు కాపీలు, రెండు వేర్వేరు ఊళ్లలో ఉంటే మంచిది, బ్యాంక్ లాకర్ ఒకటి, బాగా నమ్మకమున్న ఇల్లు ఒకటి. 12 ఇక్కడ 12 అక్కడ అని సగానికి విడగొట్టే ఉపాయం చాలామందికి తడుతుంది, వద్దు, రెండింట్లో ఏది పోయినా మొత్తం పోయినట్టే. విడగొట్టాలనే ఉంటే ట్రెజర్ కొత్త మోడళ్లలో షమీర్ పద్ధతి ఉంది, మూడు భాగాలు చేసి ఏ రెండున్నా తెరుచుకునేలా పెట్టుకోవచ్చు.

పాస్‌ఫ్రేజ్ అని ఇంకో పొర ఉంది, 24 పదాలకి తోడు మీరు కల్పించుకునే మాట. 2020లో క్రాకెన్ అనే ఎక్స్ఛేంజ్ వాళ్ల పరిశోధకులు అప్పటి ట్రెజర్ మోడళ్లు చేతికి దొరికితే దాదాపు 15 నిమిషాల్లో లోపలి పదాలు లాగొచ్చని చూపించారు, పాస్‌ఫ్రేజ్ ఉంటే ఆ దాడి ఫలించదు. మంచిదే. అయినా కొత్తవాళ్లకి నేను చెప్పను. ఎందుకంటే తప్పు పాస్‌ఫ్రేజ్ అంటూ ఏదీ లేదు. ఒక అక్షరం తేడాగా కొట్టినా "తప్పు" అని చెప్పకుండా కొత్త ఖాళీ వాలెట్ తెరుస్తుంది. మర్చిపోతే ఏ కంపెనీ కూడా ఏమీ చేయలేదు. ఒక ఏడాది మామూలుగా వాడి, అలవాటయ్యాక ఆలోచించండి.

ఎవరికి చెప్పాలి అన్నది ఇంకో పెద్ద విషయం. బయట ఎవరికీ వద్దు. 2025 జనవరిలో లెడ్జర్ సహ వ్యవస్థాపకుల్లో ఒకాయన్ని ఫ్రాన్స్‌లో ఇంటినుంచి ఎత్తుకెళ్లి, డబ్బు కోసం వేలు నరికారు. పెళ్లిళ్లలో, ఆఫీసు లంచ్‌లో నా దగ్గర ఇంతుంది అని చెప్పుకోవడం ఇప్పుడే మానేయండి. ఇంట్లో మాత్రం ఒకరికైనా తెలియాలి. బ్యాంకు డిపాజిట్‌కి నామినీ ఉంటాడు, దీనికి ఉండడు, మీతోపాటే పోతుంది. మావారికి క్రిప్టో అంటే ఆసక్తి లేదు, అందుకని ఆయన కోసం తెలుగులో ఒక పేజీ రాసి ఇంటి దస్తావేజుల ఫైల్‌లో పెట్టాను. అందులో పదాలు లేవు, పిన్ లేదు. డివైస్ ఎలా ఉంటుంది, ప్లేట్లు ఏ రెండు చోట్ల ఉన్నాయి, ఎవరు సాయం చేస్తామన్నా పదాలు వాళ్లకి చూపించకూడదు, కంప్యూటర్‌లో టైప్ చేయకూడదు, తొందరపడక్కర్లేదు ఏడాది ఆగినా అవి ఎక్కడికీ పోవు, ఇవే రాశాను. చదివి వినిపించాను కూడా.

పన్ను సంగతి ఒక్క మాటలో. మీ ఎక్స్ఛేంజ్ అకౌంట్ నుంచి మీ సొంత వాలెట్‌కి తెచ్చుకోవడం అమ్మకం కాదు, కాబట్టి అక్కడ లాభం మీద పన్ను లేదు. అమ్మినప్పుడు లాభం మీద 30 శాతం, దానిమీద సెస్, అమ్మకం మొత్తం మీద 1 శాతం టీడీఎస్, ఒకదాని నష్టం ఇంకొకదానిలో సర్దుకోలేరు. ఎప్పుడు ఎంతకి కొన్నారు, ఎప్పుడు వాలెట్‌కి మార్చారు అన్న స్టేట్‌మెంట్లు దాచుకోండి. ఎక్స్ఛేంజ్ మూతపడితే ఆ రికార్డు కూడా దొరకదు, ఎన్నో ఏళ్ల తర్వాత అమ్మేరోజు కొన్న ధర చూపించలేక ఇబ్బంది పడతారు.

డివైస్ నిజంగా పోతే ఏం చేయాలో కూడా చెప్పి ముగిస్తాను. దొంగతనమైనా, ఎక్కడో పడిపోయినా, పిన్ ఉంది కదా అని ఊరుకోవద్దు. ఇంకో డివైస్ కొనండి, కంపెనీ మారినా పర్లేదు, 24 పదాల ప్రమాణం ఒకటే కాబట్టి లెడ్జర్ పదాలు ట్రెజర్‌లోనూ ఎక్కుతాయి. షమీర్ పద్ధతిలో చేసినవి మాత్రం దాన్ని అర్థం చేసుకునే డివైస్‌లోనే ఎక్కించాలి. పాత పదాలతో తెరిచి, కొత్త పదాలతో ఇంకో వాలెట్ తయారు చేసి, పైన చెప్పినట్టు చెరిపి సరిచూసి, మొత్తం అక్కడికి మార్చేయండి. మార్చాక బ్యాలెన్స్ కొత్త అడ్రస్‌లో కనపడిందని రూఢి అయ్యేదాకా పాత ప్లేటు పారేయొద్దు. ఈ పని చేసే తొందరలో ఎవరైనా "సపోర్ట్ నుంచి" అంటూ టెలిగ్రామ్‌లో పలకరిస్తే బ్లాక్ చేయండి. ఏ కంపెనీ సపోర్ట్‌కీ మీ 24 పదాలతో ఏ అవసరమూ ఉండదు.